సిస్టరమ్మకు సెలవు

మా అత్తమ్మ పోయింది. పొద్దున టీ తాగి, గ్లాసు పక్కన పెట్టి, గోడకు ఆనుకుని కూర్చున్న మనిషి అట్లాగే ఒరిగిపోయిందట. గుండె ఆగిందన్నారు. ఫోను వచ్చేసరికి నేను నిజామాబాద్‌లో, మా ఆసుపత్రి సర్జికల్ వార్డులో ఒక పేషెంటుకు కట్టు మారుస్తున్నాను. ఆ కట్టు పూర్తి చేసి, చేతులు కడుక్కుని, వార్డును తోటి సిస్టరుకు అప్పజెప్పి బోధన్ బస్సెక్కాను. పని మధ్యలో వదిలి వచ్చి ఉంటే అత్తమ్మే తిట్టేది.

ఆమెది బోధన్ దగ్గర చెరుకు పండే ఊరు. పెళ్ళయి వచ్చిన నాటి నుంచి బీడీలు చుట్టింది. మాట్లాడుతూ చుట్టేది, పోట్లాడుతూ చుట్టేది, చేతులు మాత్రం ఆగేవి కావు. శుభ్రం విషయంలో మహా పట్టింపు. ఎవరింట్లోనైనా మంచినీళ్ళిస్తే, తాగే ముందు గ్లాసును వెలుతురుకు పట్టి చూసేది. ఇచ్చినవాళ్ళ ముందే చూసేది. ఆ మొహమాటం ఆమెకు లేదు.

అలాంటి మనిషికి పెద్దపేగు చివర క్యాన్సర్ వచ్చింది. చాలా కాలం రక్తం పడుతుంటే మొలలనుకుని ఎవరో ఇచ్చిన పసరు తాగింది. కొడుకుకు చెప్పలేదు. కోడలు నర్సు అయినా నాకూ చెప్పలేదు. నడవలేనంత నీరసం వచ్చాక గానీ బయటపడలేదు. హైదరాబాద్‌లో ఆపరేషన్ జరిగింది. గడ్డతో పాటు మలద్వారం కూడా తీసేసి, మిగిలిన పేగు కొసను పొట్టకు ఎడమవైపు బయటికి తెచ్చి కుట్టారు. దాన్ని స్టోమా అంటారు. ఎర్రగా, తడిగా, పెదవి లోపలి భాగంలా ఉంటుంది. ఇక మలం అక్కడి నుంచే వస్తుంది. దాని మీద ఒక సంచి అతికించాలి, నిండకముందే ఖాళీ చేయాలి, కొన్ని రోజులకొకసారి మార్చాలి. బతికినంత కాలం అంతే.

ఆపరేషన్ తర్వాత నిజామాబాద్‌లో మా ఇంటికి తీసుకొచ్చాం. సంచి మార్చడానికి నేను సామాను సర్దుకుని వెళితే, చీర కొంగు పొట్ట మీద బిగించి పట్టుకుంది.

"నువ్వద్దు. పో."

"దవాఖాన్ల రోజు నేను చేసే పనే గదా అత్తమ్మా. మీరు కండ్లు మూసుకోండ్రి, అయిపోతది."

"దవాఖాన్ల చేసేది నౌకరి. ఇంట్ల చేసేది చాకిరి. కోడలితోని గీ పని చేయించుకున్నంక నేను ఇంట్ల తల ఎట్లెత్తాలె?"

కొడుకును గది దగ్గరికే రానివ్వలేదు. తలుపు వేసుకుని, దానివైపు చూడకుండా, తడుముకుంటూ తనే ఏదో చేసుకునేది. సంచి సరిగా అంటుకోక పక్క నుంచి కారేది. చుట్టూ చర్మం ఒరుసుకుపోయింది. అప్పుడామె ఇంకో ఉపాయం కనిపెట్టింది. తినడం మానేసింది. టీ తాగేది, ఎవరైనా గట్టిగా అడిగితే ఇంత జొన్న గట్క నోట్లో వేసుకునేది. తినకపోతే సంచి నిండదు కదా. ఇట్లా ఒళ్ళు ఎండిపోయి వార్డుకు తిరిగొచ్చిన పేషెంట్లను నేను చూశాను. మా ఆయనకు ఆ సంగతి చెప్పాను. ఆయన బతిమిలాడాడు, అరిచాడు, చివరికి ఏడ్చాడు. ఆమె గోడ వైపు తిరిగి పడుకుంది.

ఒకరోజు నేను డ్యూటీలో ఉండగా ఆయన ఫోను చేశాడు. "అవ్వ తలుపు తీస్తలేదు. లోపల ఏదో కారినట్టుంది. జెర జల్ది రా."

బట్టలు మార్చుకోకుండా స్కూటీ మీద వచ్చేశాను. తలుపు కొట్టాను.

"ఎవలు?" అంది లోపలి నుంచి.

వార్డులో రోజంతా అనే మాటే నోటికొచ్చింది. "సిస్టర్‌ను అమ్మా. తలుపు తియ్యి."

మంచం కిర్రుమంది. తర్వాత గడియ తీసిన చప్పుడు అయింది.

ఆమె నా ముఖం చూడలేదు. తెల్ల యూనిఫాం చూసింది. మెల్లగా వెళ్ళి మంచం మీద పడుకుని, కొంగు తనే పక్కకు తీసింది. నేను గోరువెచ్చని నీళ్ళతో తుడిచి, చర్మం పూర్తిగా ఆరనిచ్చి, కొత్త సంచి అతికించాను. పని అయ్యాక ఆమె చేతులు జోడించి, "సల్లగుండు సిస్టరమ్మా" అంది. బయట నిలబడ్డ మా ఆయన నా వైపు చూశాడు.

తర్వాతి సారి చీరలో వెళితే మళ్ళీ కొంగు బిగించింది. నేను వెనక్కి వచ్చి యూనిఫాం వేసుకుని వెళ్ళాను. కొంగు తీసింది. అప్పటి నుంచి అదే పద్ధతి. సెలవు రోజైనా ఆమె దగ్గరికి వెళ్ళేటప్పుడు యూనిఫాం వేసుకునేదాన్ని. మా ఇద్దరిలో ఎవరమూ దాని గురించి మాట్లాడుకోలేదు.

యూనిఫాంలో నాకు ఒక సౌకర్యం ఉండేది. ఇంట్లో ఆమెను మీరు అనేదాన్ని. సిస్టర్‌గా నువ్వు అనేదాన్ని, వార్డులో అందరు పెద్దమ్మలను అన్నట్టే.

"తినకపోతే సంచి నిండదు, నిజమే. మరి కోసిన కాడ ఎట్ల మానుతదమ్మా? ఇయ్యాల నువ్వు అన్నం తినాలె, సల్ల తాగాలె."

"తింట సిస్టరమ్మా" అనేది బుద్ధిగా. తినేది కూడా.

ఆమెకూ ఒక సౌకర్యం దొరికింది. సిస్టరమ్మకు కోడలి మీద చాడీలు చెప్పేది. "మా కోడలు పప్పుల ఉప్పు మస్తు ఏస్తది. జెర చెప్పరాదు." చెప్తానమ్మా అనేదాన్ని. "ఫోన్ల మాట్లాడుకుంట పొయ్యి మీద పాలు మర్శిపోతది." అదీ చెప్తానన్నాను. నవ్వు ఆపుకోవడానికి కష్టపడేదాన్ని. ఒకరోజు మాత్రం నవ్వు రాలేదు. నేను చర్మం తుడుస్తుంటే పైకప్పు వైపు చూస్తూ అడిగింది.

"నా దగ్గర వాసనొస్తదా? నిజం చెప్పు. ఇంట్లోళ్ళు చెప్పరు."

"సంచి మంచిగ అతికితే రాదు. మార్చేటప్పుడు కొంచెం వస్తది. అందరికీ వచ్చేదే."

"మా కోడలికి రోత అయితదేమో."

"ఆమెనే అడగరాదమ్మా."

"అడిగితే కాదంటది. అబద్ధం చెప్తది" అంది, పైకప్పు నుంచి చూపు తిప్పకుండా. "మంచిదే. చెడ్డది గాదు."

దూది చెత్తబుట్టలో వేసి, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాను.

వానాకాలం వచ్చింది. ఒకరోజు ముసురు వల్ల యూనిఫాంలు రెండూ తీగ మీద తడిగానే ఉన్నాయి. ఆమె సంచి కారింది. నేను పాత నూలు చీరలో, సామాను పట్టుకుని గది గుమ్మం దగ్గర ఆగిపోయాను. ఆమె నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఏమాయె? సిస్టరమ్మకు ఇయ్యాల సెలవా?"

"అవును అత్తమ్మా."

"అయితే నువ్వే రా."

కొంగు తీసింది. నేను పని చేస్తున్నంతసేపు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు. చాడీలు చెప్పడానికి మనిషి లేదు మరి. అంతా అయ్యాక, సంచి మీద చేయి వేసి సరిచూసుకుంటూ అంది. "ఈ నడుమ పప్పు మంచిగైతుంది."

ఆ తర్వాత ఆమె స్టోమాను కళ్ళతో చూడడం మొదలుపెట్టింది. అద్దం తెమ్మంది. సంచి అంటుకునే పట్టీలో స్టోమాకు సరిపడా రంధ్రం కత్తిరించాలి; ఆ కత్తెర తనకే ఇమ్మంది. మొదటిసారి వంకరగా కత్తిరించి, కారితే నన్నే తిట్టింది. తర్వాత చేయి కుదిరింది. కీమో నడిచినన్నాళ్ళు వాంతులతో, నీరసంతో మళ్ళీ నా చేతికే ఇచ్చేది. అది అయిపోయాక మళ్ళీ తీసుకుంది. బరువులు ఎత్తొద్దని చెప్పాం, బిందె ఎత్తకుండా ఉండడానికి మాత్రం చాలా రోజులు పట్టింది.

ఒళ్ళు కొంచెం కోలుకోగానే ఊరికి పోతానంది. ఆపినా ఆగేది కాదు. దింపడానికి నేనే వెళ్ళాను. వాకిట్లో ఆడవాళ్ళు చుట్టూ చేరి బీడీలు చుడుతున్నారు. ఆమె వాళ్ళ మధ్య కూర్చుని చాట ఒళ్ళో పెట్టుకుంది. మాటలు సాగుతుండగా పొట్ట దగ్గర గాలి పోయిన చప్పుడైంది. స్టోమాకు అదుపు ఉండదు, ఎవరి చేతిలోనూ లేని పని అది. అందరూ చుట్టడం ఆపి ఆమె వైపు చూశారు. నేను గుమ్మంలో నిలబడి, ఇంతటితో ఈమె మళ్ళీ గదిలోకి పోయి తలుపు వేసుకుంటుందనుకున్నాను.

ఆమె ఆకు కత్తిరించడం ఆపలేదు.

"ఏమే, గట్ల జూస్తున్నరు? మీకు ఎనుకకెల్లి వస్తది, నాకు ముందటికెల్లి వస్తది. ఏం ఫరక్?"

ఒకామె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంకొకామె నవ్వు ఆపుకోలేక చాట కింద పెట్టింది. తర్వాత అందరూ నవ్వారు. అత్తమ్మ మాత్రం నవ్వకుండా, పొగాకు తక్కువొచ్చిందని కేకేసింది.

అట్లా కొన్నేళ్ళు బతికింది. క్యాన్సర్ తిరిగి రాలేదు. నా దగ్గర ఆమె ఎప్పుడూ థ్యాంక్స్ లాంటి మాట అనలేదు. సిస్టరమ్మకు అనేసింది కనుక సరిపోయిందనుకుని ఉంటుంది.

నేను ఊరు చేరేసరికి స్నానం చేయించడానికి ఆడవాళ్ళు నీళ్ళు కాచి పెట్టుకుని కూర్చున్నారు. సంచిని ఏం చేయాలో తెలియక ఎవరూ ముట్టుకోలేదు. నేను తీశాను. ఎర్రగా ఉందా, నల్లబడిందా అని ఇన్నేళ్ళు నేను ముందు చూసేది స్టోమా రంగే. ఇప్పుడది పాలిపోయి, ముడుచుకుని ఉంది. తుడిచి, చర్మం ఆరే దాకా ఆగాను. చనిపోయినవాళ్ళకు ఆ అవసరం లేదని నాకు తెలుసు. అయినా కొత్త సంచి అతికించి, అంచు చుట్టూ వేలితో నొక్కి, అప్పుడు చీర కట్టనిచ్చాను.

మా ఆయన ముందు నడవగా శవాన్ని కాలువ గట్టు మీదుగా తీసుకుపోయారు. నేను ఊరి చివర దాకా నడిచి ఆగాను. ఎదురుగా చెరుకు లోడుతో ఒక ట్రాక్టరు వస్తోంది. దారి ఇరుకు. డ్రైవరు బండిని వీలైనంత పక్కకు తీసి, ఇంజను ఆపి కిందికి దిగాడు. తలకు చుట్టుకున్న రుమాలు విప్పి చేతిలో పట్టుకుని నిలబడ్డాడు. డప్పు చప్పుడు కాలువ మలుపు దాటి తగ్గిపోయే దాకా అతను కదల్లేదు. లోడు మీది చెరుకు ఆకులు గాలికి గలగలమంటూ ఉన్నాయి.