మడదా, ఇసుకదా?

ఆలూరు బజారులో బెల్లం అంగడి మునిరత్నం శెట్టికి ఒకటే పిచ్చి. పొడుగాటి సముద్రపు నత్తగుల్ల చేతిలో పెడితే చాలు, అది మడ అడవి బురదలో పెరిగిందో తీరం ఇసుకలో పెరిగిందో తేల్చందే అన్నం ముట్టడు. ఎవరూ పెట్టకపోతే తానే తెచ్చి ఎదుటివాళ్ల చేతిలో పెడతాడు. బెల్లానికి వచ్చినవాళ్లు "మడదా, ఇసుకదా?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పాలి. తప్పు చెప్తే పాఠం అయ్యేదాకా బెల్లం రాదు.

అదీ ఎక్కడ? బిందెడు తాగునీళ్లకు ఆడవాళ్లు జుట్లు పట్టుకునే ఊళ్లో. వెనకటికి శనక్కాయల బేరానికని కాకినాడ పోయి, కోరంగి మడ అడవి చూడబోయి, బురదలో నత్త గుచ్చుకుని కుంటుతూ వచ్చాడు. వెంట గోనెసంచి నిండా గుల్లలు, మడవీ తీరం ఇసుకవీ కలిపి. గూట్లో లక్ష్మీదేవి పటం పక్కకు జరిగింది, నత్తలు నడిమధ్యకు వచ్చాయి. భార్య కన్యకమ్మ ఆ రోజే నెత్తి కొట్టుకుంది.

నీళ్లకే దిక్కులేని ఊర్లో నత్తలెందుకని ఎగతాళి చేసినవాళ్ల ముందు శెట్టి తలవంచింది లేదు.

"సముద్రముండే ఊర్లో చెప్పేవాళ్లు శానామంది ఉంటారు. ఈడ నేనొక్కణ్ణే. నేనుగూడా మానుకుంటే ఆలూరి గతేమప్పా?"

బడిపంతులు దావీదురాజు ఒకసారి మొన తేలిన గుల్లను పట్టుకుని మడదే అన్నాడు. శెట్టి అంగడి తలుపులు మూసి ఆయన్ను లోపలే కూర్చోబెట్టాడు. ఇసుకదానికి మొన సూదిలా ఉంటుంది, ఒళ్లు నున్నగా తెల్లగా ఉంటుంది. మడదానికి మొన అరిగిపోతుంది, ఒళ్లు గరుకు, రంగు నలుపు, నోరు వెడల్పు. పంతులు ఒప్పుకునేసరికి బడి వదిలేశారు, పిల్లలు ఇళ్లకూ పోయారు. ఆ గెలుపును శెట్టి పెళ్లిళ్లలో కూడా చెప్పుకునేవాడు.

కర్నూలు రాజధాని అయిన కొత్తలో ఈ పిచ్చి ఒక కాపురం మీదికి వచ్చింది.

శెట్టి ఇంట్లో శనక్కాయలు ఒలిచే జీవమ్మ మొగుడు చిన్న ఈరన్న కోరంగి వైపు కూలికని పోయి, నెలల తరబడి పత్తా లేకుండా ఉండి తిరిగొచ్చాడు. జీవమ్మ అన్న తిమ్మన్న కోసిగి నుంచి దిగాడు. బావ ఇంకో ఆడదాని ఇంట్లో ఉన్నాడని అతని అనుమానం. కోరంగి పోయినవాడి కాలికి నత్త గుచ్చుకోక మానదని ఊరూరా చెప్పింది శెట్టే కదా, నిజంగా పోయుంటే ఆ గుల్ల చూపించమన్నాడు. లేకుంటే చెల్లెల్ని తోలుకుపోతానని కూర్చున్నాడు.

జీవమ్మ పెరట్లో కన్యకమ్మ కాళ్ల దగ్గర కూలబడింది.

"ఆయప్ప కోరంగి చేరనే లేదమ్మా. టికెట్టు లేకుండా రైలెక్కి దొరికిపోయి, ఇన్ని నెలలూ బళ్లారి జైల్లో ఉండినాడు. జైలు మాట తెలిస్తే మాయన్న నన్ను ఈడ ఒక్కపూట ఉండనియ్యడు. నేను ఆయప్పను వదిలి పోలేను."

కన్యకమ్మకు మొగుడి మీద ఒళ్లు మండింది. ఈ మహానుభావుడు నోరు మూసుకుని బెల్లం అమ్ముకుంటే ఈ పిల్లకు ఈ తిప్పలు వచ్చేవా? గబగబా గూట్లోంచి ఒక గుల్ల తీసి జీవమ్మ కొంగులో వేసింది. ఉన్నవాటిలో అందమైనదే వేసింది, ఇచ్చేది ఎలాగూ మంచిదే ఇద్దామని.

సాయంత్రం తిమ్మన్న ఆ గుల్లను శెట్టి ముందు పెట్టాడు. ఈరన్న పక్కన తలవంచుకుని నిలబడ్డాడు. దావీదురాజు కూడా వచ్చాడు, చూడకుండా ఉండలేక.

"కోరంగి మడలో గుచ్చుకున్నదంట. నిజమేనా శెట్టీ?" అన్నాడు తిమ్మన్న.

తలుపు చాటున కన్యకమ్మ అప్పుడు చూసింది. తెల్లని ఒళ్లు, సూదిమొన. ఇన్నేళ్లు ఒక చెవిన విని ఇంకో చెవిన వదిలిన పాఠమంతా ఒక్కసారి గుర్తొచ్చింది. తానిచ్చింది ఇసుకది. ఈయన నత్త విషయంలో దేవుడు చెప్పినా వినడు.

శెట్టి గుల్లను తిప్పాడు. గూటివైపు చూశాడు, అక్కడ ఖాళీ కనబడింది. తలుపువైపు చూశాడు. తర్వాత జీవమ్మ మొహం చూశాడు.

"మడదే," అన్నాడు.

దావీదురాజు ఆగలేకపోయాడు. "అదేంది శెట్టీ, మొన తేలింది ఇసుకదని మీరే గదా..."

"ఆ పొద్దు నువ్వు చెప్పిందే నిజం అయ్యవారూ. నేను తప్పు చెప్పినా. తిమ్మన్నా, ఇది కోరంగి నత్తే. కాదన్నోడు ఎవుడైనా ఉంటే కోరంగి పోయి చూసొచ్చి నాతో మాట్లాడమను."

అంతదూరం పోయి చూసొచ్చేవాడు ఎవడు? తిమ్మన్న బావ భుజం తట్టి, చెల్లెలికి జాగ్రత్తలు చెప్పి, బండి కట్టుకుని వెళ్లిపోయాడు.

రాత్రి కన్యకమ్మ అడక్కుండానే ఇంకో ముద్ద నెయ్యి వేసింది. మొగుడి మీద అంత ప్రేమ ఆమెకు పెళ్లినాడు కూడా పుట్టలేదు. శెట్టి మాత్రం విస్తరి ముందు ముటముటలాడుతూనే ఉన్నాడు. అన్నం కలుపుతూ కలుపుతూ ఆగి గూటివైపు చెయ్యి చూపించాడు.

"ఎడమపక్క నల్లగా, మొన అరిగినవి ఉండాయి చూడు, అవి మడవి. ఇన్నేండ్లు చెప్పినా నీకు తలకెక్కలేదు. ఈసారి ఎవురికన్నా కాపురం నిలబెట్టాల్నంటే చూసి ఇయ్యి."