శేషయ్య సారు తాగని నీళ్ళు

నిన్న సంతలో కొన్న కొత్త కుండలో నా భార్య మొదటిసారి నీళ్ళు పోసింది. తడిసిన మట్టి వాసన ఇల్లంతా పాకింది. వాన వాసన ఏడాదికి ఎన్నిసార్లు వస్తుందో వేళ్ళ మీద చెప్పగలిగే ఊరు మాది. ఆ వాసన మాకు మబ్బులకంటే కుండలే ఎక్కువగా చూపించాయి. అది ముక్కుకు తగిలితే మా ఊళ్ళో అందరికీ వాన గుర్తొస్తుంది, నాకు మాత్రం శేషయ్య సారు గుర్తొస్తారు.

రెండు వేల సంవత్సరం దాటిన తొలి ఏళ్ళు అవి. వానల్లేక చేలల్లో శెనక్కాయ చెట్టు మోకాలి దాకా కూడా లేవలేదు. నేను కళ్యాణదుర్గానికీ మా ఊరికీ మధ్య షేర్ ఆటో తోలేవాణ్ణి. ఏడో తరగతి మధ్యలో నేను బడిని వదిలానో, బడే నన్ను వదిలించుకుందో ఇప్పటికీ తేలలేదు. శేషయ్య సారు బడిపంతులుగా రిటైరై, భార్య పోయాక, మా ఊళ్ళో ఒక గది అద్దెకు తీసుకున్నారు. సామాను తెచ్చింది నా ఆటోలోనే. ఒక ట్రంకు పెట్టె, రెండు మూటల పుస్తకాలు, దారి పొడవునా ఒళ్ళో పసిబిడ్డలా పట్టుకున్న మట్టికుండ. ఆచారం గల ఇంటివాడని ఆ కుండను ఇంకొకరి చెయ్యి తగలనివ్వకపోవడం చూస్తేనే తెలిసింది.

“ఏమి సారూ, జనమంతా ఊరిడిచి బెంగుళూరికి పోతాంటే మీరు ఈడికొస్తాండారు? దావ తప్పినారా ఏంది?” అన్నాను.

“ఈడ అద్దె తక్కువప్పా ఓబులేసూ” అన్నారు. నిజం అంత సులువుగా చెప్పేవాళ్ళను నేను నమ్మను.

వారం తిరక్కుండానే పిల్లల్ని పోగేశారు. ఊరి చివర ఎండిపోయిన ఓవర్‌హెడ్ ట్యాంకు ఉండేది, నీళ్ళివ్వకపోయినా నీడ ఇచ్చేది. సాయంత్రాలు ఆ నీడలో కూర్చోబెట్టి ‘నువ్వూ నేనూ వేరు కాదు’ అని చెప్పేవారు. మా ఊరికి బోరు పాయింటు చూసేవాడు వచ్చాడు, గ్యారంటీ విత్తనాలవాడు వచ్చాడు, ఉత్త చేతులతో తిరిగి పోయినవాడు ఒక్కడూ లేడు. ఈయనకేం కావాలి? మఠం కడతాడా? చందా అడుగుతాడా? నా ఎనిమిదేళ్ళ కూతురు పద్మ కూడా అక్కడికే పోతుండటంతో, చక్రం బాగు చేస్తున్నట్టు నటిస్తూ ఆటో పక్కన కూర్చుని కాపలా కాశాను.

ఒకరోజు పిల్లల్ని ఎండలోకి పంపి ఎవరి నీడ వాళ్ళను చూసుకోమన్నారు. తర్వాత ట్యాంకు నీడలోకి పిలిచారు. “ఇప్పుడు మీ నీడలు యాడికి పోయినాయి? పద్మ నీడ ఏది, గోపాలు నీడ ఏది, చూపించండి” అన్నారు. పిల్లలు నేలంతా వెతికారు. “పోలేదమ్మా, పెద్ద నీడలో కలిసిపోయినాయి. మనమూ అంతే. ఎండలో నిలబడినంతసేపే వేరు.”

“నా నీడ అప్పు తీర్చల్లని దాక్కున్యాదేమో సారూ!” అన్నాను. అందరికంటే ముందు ఆయనే నవ్వారు. అది కూడా నాకు అనుమానంగానే తోచింది.

ఆ తర్వాత ఒకరోజు సారు నాకు దొరికారు. ఎస్సీ కాలనీ నుంచి సుజాత అనే పిల్ల పద్మతో కలిసి వచ్చేది. దాహమంటే పద్మకు సారు చెంబు చేతికిచ్చారు. సుజాతకు మాత్రం దోసిలి పట్టమని, పైనుంచి ధారగా పోశారు. మా ఊళ్ళో కాలనీ పిల్లలకు అందరూ అట్లే పోసేవాళ్ళు. అట్లా పోస్తున్నామన్న సంగతి కూడా ఎవరికీ పట్టేది కాదు. నాకు ఆరోజు పట్టింది.

“సారూ, నీడలో అందరూ ఒకటే అంటిరి గదా. చెంబు కాడికొచ్చేసరికి ఎండ వచ్చినాదా?”

పిల్లలు నవ్వలేదు. సారు లేచి గదికి వెళ్ళి, ఒళ్ళో మోసుకొచ్చిన ఆ కుండనే ఎత్తుకొచ్చి సుజాత ముందు పెట్టారు. “నువ్వే ముంచుకోమ్మా.” ఆ పిల్ల భయంభయంగా ముంచి తాగింది.

“ఇప్పుడు మీరు తాగండి” అన్నాను. చెంబు పెదాల దాకా వచ్చింది. అక్కడే ఆగింది. చెయ్యి వణికింది. చెంబు కిందపెట్టి, “ఈరోజుకు చాలు, పోండి” అన్నారు. ఆ సాయంత్రం ఊరంతటికీ ఆ వణుకు నటించి చూపించి నవ్వించాను.

మర్నాడు ఏం సాకు చెబుతారో వినాలని ముందే వెళ్ళి కూర్చున్నాను. సారు పెదాలు ఎండిపోయి ఉన్నాయి.

“నిన్నటి నుంచి నేను నీళ్ళు తాగల్యా. నలభై ఏండ్లుగా చెప్తాండే పాఠం నాకే రాలేదని నిన్న తెలిసింది. సుజాతమ్మా, నీ చేత్తో ముంచియ్యి.”

తాగారు. సగం చొక్కా మీద ఒలికింది, అయినా చెంబు ఖాళీ చేసే దించారు. “సగం పాఠమే వచ్చిందిలే” అన్నారు. ఇది కూడా నాటకమేనేమోనని నేను ఆయన మొహం వెతుకుతూనే ఉన్నాను.

ఇంటికి పోతుంటే ఆటోలో వెనక నుంచి పద్మ అడిగింది. “నాయనా, సుజాత మనింటికొస్తే అవ్వ కూడా దోసిట్లోనే పోస్తాది. సారునైతే అడిగినావు. అవ్వనెందుకు అడగల్యా?”

ఊళ్ళో ఎవరి మాటకైనా ఎదురుమాట ఉన్నవాణ్ణి. ఆరోజు హారన్ కొట్టాను. దారిలో ఎవరూ లేరు.

దానికి జవాబు చెప్పడానికి నాకు నాలుగు నెలలు పట్టింది. మా అమ్మ చూస్తుండగానే, మా వాకిట్లో, మా చెంబు సుజాత చేతికిచ్చాను. అమ్మ పది రోజులు నాతో మాట్లాడలేదు. సుజాత తాగి చెంబు తిరిగిచ్చింది, నేను మిగిలిన నీళ్ళు నోట్లో పోసుకున్నాను.

మంచి మాట చెప్పేవాణ్ణి ఇప్పటికీ అనుమానంగానే చూస్తాను, ఆ గుణం పోలేదు. కాకపోతే ఆ చూపు ముందు నా మీద పడి, ఆ తర్వాతే అవతలివాడి దగ్గరికి పోతుంది. ఆరోజు మా వాకిట్లో చెంబు ఎత్తినప్పుడు నా చెయ్యీ వణికింది. అది మాత్రం నటించి చూపించి నేను ఎవరినీ నవ్వించలేదు.