కొండవ్వ సున్నం, వనజ బూజు

సిద్దిపేటలో డిగ్రీ కాలేజీ పిల్లలు వనజను చాటుగా "బూజు మేడం" అంటారు. చాటుగా అని వాళ్లనుకుంటారు గానీ ఆవిడకు ఎప్పుడో తెలుసు. తెలిసీ ఏమీ అనదు. పరీక్ష పేపర్లు తిరిగిచ్చేటప్పుడు మాత్రం, "బూజుకున్న తెలివి సుత మీకు లేకపాయె గదరా!" అని ఒక్కసారే తీర్చుకుంటుంది.

కంప్యూటర్లు చెప్పే మనిషికి బూజుతో ఏం పని అంటారా? ఆగండి, అదే చెప్తున్నా. అడవిలో కుళ్లిన కట్టెల మీద పసుపుపచ్చగా, జిగటగా పాకే జీవి ఒకటుంది. జిగురుబూజు అంటారు. దానికి కళ్లు లేవు, మెదడు లేదు, ఉన్నదంతా ఒకటే కణం. అయినా నాలుగు చోట్ల తిండి పెడితే ముందు అన్ని వైపులా పాకి చూస్తుంది. తర్వాత పనికిరాని దారులన్నీ వదిలేసి, దగ్గరి దారులు నాలుగు ఉంచుకుంటుంది. ఊళ్లను కలిపే దారుల మీద అదే లెక్క కంప్యూటర్‌కు ఇస్తే, ఊళ్లు పెరిగేకొద్దీ దానికి ఆయాసం వస్తుంది. మరి ఈ బుర్రలేని బూజు ఎలా తేలుస్తోంది? ఆ కిటుకు పట్టుకుని ప్రోగ్రాంగా రాయాలన్నదే వనజ పరిశోధన.

అరచేయంత గాజు పళ్లేల్లో జెల్లీ పోసి, గడ్డకట్టాక దాని మీద జిల్లా పటం ప్రకారం ఓట్స్ పెట్టేది. నడుమ సిద్దిపేట, ఇటు నంగునూరు, ఇంకా అవతల ధూళిమిట్ట, అటు దూరంగా ఎర్రవల్లి. సిద్దిపేటలో బూజును వదిలితే తెల్లారేసరికి ఊళ్లన్నిటికీ పసుపు దారులు పడేవి.

వనజ పుట్టింది నంగునూరులో, కల్లు గీసే ఇంట్లో. తండ్రి వెంకటనర్సయ్య మోకు భుజానేసుకుని చెట్లెక్కేవాడు. తల్లి కొండవ్వ ముంతలు కడిగి, తీపి కల్లు అడిగేవాళ్ల కోసం లోపల సున్నం పూసేది. సున్నం పూస్తే కల్లు పులవదు. ఆ ఇంటి పిల్ల ఎంసీఏ చదివి, కాలేజీలో కొలువు కొట్టి, ముప్పై ఏళ్లు దాటాక హైదరాబాద్‌లో పీహెచ్‌డీలో చేరింది. పెళ్లి మాట ఎవరెత్తినా, "నేను పోతే నా బూజుకు ఓట్స్ ఎవలు పెడ్తరు?" అని నవ్వేసేది. తండ్రి పోయాక తల్లిని తన కిరాయి ఇంటికి తెచ్చుకుంది. ఇంటి వెనక గదే వనజ ప్రయోగశాల.

ఆరేళ్లు గడిచాయి. చివరి గడువు నెత్తి మీదికొచ్చింది. అసలు చిక్కంతా ఒక్కచోటే ఉంది. దారి తెగితే బూజు వేరే దారి వెతుక్కుంటుందా? ఇదే వనజ సిద్ధాంతానికి గుండెకాయ. వెలుతురంటే బూజుకు గిట్టదు కాబట్టి, తెంపాలనుకున్న దారి మీద సన్నటి లైటు వేసి చూసేది. జెల్లీలో ఆ వెలుతురు అటూ ఇటూ చెదిరేది. బూజు ఒకసారి దారి మార్చుకునేది, ఒకసారి బెదిరి ముడుచుకునేది.

యూనివర్సిటీ కమిటీ పెద్ద రాంచందర్ సార్ ఆ ఫలితాలు చూసి కళ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టాడు.

"ఐదింట్ల రెండుసార్లు వస్తె దాన్ని సైన్సంటరా అమ్మా, లాటరీ అంటరు గాని. మళ్ల చేస్తే మళ్ల అదే రావాలె. మూడు వారాలు టైమిస్తున్న. మా ముందట చేసి చూపియ్యి. లేకుంటె రిజిస్ట్రేషన్ రద్దయితది, నా చేతుల ఏం లేదు."

"చూపిస్త సార్," అంది వనజ, అదేదో చిటికెలో పనన్నట్టు. బయటికొచ్చాక ఆమె గైడ్ రత్నాకర్ సార్ తల పట్టుకున్నాడు. "ఏం ధైర్యమమ్మా నీది! ఎట్ల చూపిస్తవు?"

"ఎట్లనో నాకు సుత తెల్వది సార్. కని బూజు అబద్ధమాడదు. నేనే దాన్ని సక్కగ అడుగుతలేను."

పది రోజులు రకరకాలుగా అడిగి చూసింది. అది సక్కగా జవాబు చెప్పలేదు. పదకొండో రోజు రాత్రి ఐదు పళ్లేలు కొత్తగా సిద్ధం చేసి, బూజును వదిలి, నల్లగుడ్డ కప్పి, తెల్లారి కాలేజీకి పరీక్ష డ్యూటీకి పోయింది.

సాయంత్రం వచ్చి గుడ్డ తీసింది. ఐదు పళ్లేల్లోనూ అంచు వెంబడి తెల్లటి పూత!

"అవ్వా! ఏం చేసినవే దీనికి?"

కొండవ్వ కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "ఏం జేసిన? గదిలకు పోతె పుల్లటి వాసనొచ్చె. నీ బంక పులుస్తున్నదని అంచుకు ఇంత సున్నం రాసిన. లేకుంటె పాడైపోవా?"

చూశారా! పులిసే వాసన వస్తే ఎవరైనా కిటికీ తెరుస్తారు, లేదా పారబోస్తారు. సున్నం డబ్బీ అందుకోవాలని ముంతలు పూసిన చేతికి తప్ప ఎవరికి తోస్తుంది?

"ఇది కల్లు ముంతనుకున్నవా? నా ఆరేండ్ల కష్టం మట్టిల కలిపినవ్! నిన్నెవలు రాయమన్నరు?" వనజ గొంతు ఇల్లంతా వినిపించింది.

కొండవ్వ లోపలికి పోయి తన రెండు చీరలు సంచిలో పెట్టుకోవడం మొదలుపెట్టింది.

వనజ పళ్లేలు పారబోయడానికి ఎత్తింది. నాలుగింటిలో బూజు అంచు ముట్టకుండా లోపలే దారులు వేసుకుంది. ఐదోదాంట్లో కొండవ్వ వేలు జారినట్టుంది, సున్నం గీత ఒకటి సిద్దిపేటకూ నంగునూరుకూ మధ్య అడ్డంగా పడింది. బూజు ఆ గీత దాకా వచ్చి వెనక్కి తగ్గింది. బెదరలేదు, ముడుచుకోలేదు. తిన్నగా ధూళిమిట్ట వైపు పాకి, అక్కడి నుంచి చుట్టు తిరిగి నంగునూరు చేరింది. ఎండిన చోట పాత దారి మరకొకటి మిగిలింది, అంతే.

వనజ ఆ పళ్లెం చేత్తో పట్టుకునే తల్లి దగ్గరికి పరుగెత్తింది. చీరల సంచి లాగి మంచం కిందికి తోసింది.

"అవ్వా, నోరు జారిన. నా మతి గడ్డి తిన్నది. గిట్ల ఇంకోసారి గీసి చూపియ్యి."

"ఇప్పుడు గావాలెనా నా సున్నం?" అంది కొండవ్వ. కోపం ఉంది, కానీ కళ్లలో నీళ్లు కూడా తిరిగాయి.

ఆ రాత్రే వనజ తన చేత్తో గీసి చూసింది. మందంగా పడి రెండు పళ్లేల్లో బూజు చచ్చిపోయింది. పల్చగా గీస్తే దర్జాగా దాటి పోయింది. కొండవ్వ పక్కన కూర్చుని ముసిముసిగా నవ్వింది. "ఎక్కువైతె కల్లు చేదెక్కుతది, తక్కువైతె పులుస్తది. వేలికి అంటీ అంటనట్టు తియ్యాలె బిడ్డా. నీ చదువుల గిది చెప్పలేదా?" ఆమె గీసిన ప్రతి గీతనూ వనజ త్రాసు మీద తూచి, నీళ్లెంతో సున్నమెంతో రాసుకుంది. వారంలో నలభై గీతలు. తూకంలో ఆవగింజంత తేడా లేదు. నలభై సార్లూ బూజు దారి మార్చుకుంది.

చెప్పిన రోజున తల్లీకూతుళ్లు తొలి బస్సుకే హైదరాబాద్ పోయారు. వనజ ఒడిలో ముందురోజే దారులు పడ్డ ఐదు పళ్లేలు, కొండవ్వ కొంగున సున్నం డబ్బీ. రత్నాకర్ సార్ గేటు దగ్గరే ఎదురొచ్చి గుసగుసగా, "అమ్మను ల్యాబ్ అసిస్టెంట్ అని చెప్పుదాం," అన్నాడు.

"ఎందుకు సార్? మా అవ్వ అనే చెప్త. తప్పు చేసి మంచి దారి చూపించిందని సుత చెప్త," అంది వనజ. చెప్పింది కూడా. పుల్లటి వాసన దగ్గర్నుంచి తన అరుపుల దాకా ఒక్కటీ దాచకుండా చెప్పింది. కమిటీలో ఇద్దరు నవ్వారు. రాంచందర్ సార్ నవ్వలేదు.

"గీత ఎక్కడ పెట్టాలో మీరు కాదు, నేను చెప్త," అన్నాడు.

"మీ ఇష్టం సార్."

ఆయన ఐదు పళ్లేల్లో ఐదు వేరువేరు దారులు వేలితో చూపించాడు. కొండవ్వ చూపుడువేలు డబ్బీలో ముంచి, డబ్బీ అంచుకే ఒకసారి రాసి, ఐదు గీతలు తీసింది. పొద్దున తొమ్మిదింటికి గది తాళమేసి, తాళంచెవి రాంచందర్ సారే జేబులో వేసుకున్నాడు. చెట్టు కింద కూర్చుని తల్లీకూతుళ్లు సద్ది విప్పారు. వనజ ముద్ద చేతిలో పట్టుకుని గది వైపే చూస్తోంది. "తిను," అంది కొండవ్వ, "ముంత చెట్టు మీద కట్టినంక కిందనే చూసుకుంట కూసుంటమా?"

సాయంత్రం ఐదింటికి తలుపు తెరిచారు. రాంచందర్ సార్ ఒక్కొక్క పళ్లెం మీదికి వంగి చూశాడు. మొదటిదాంట్లో చుట్టు తిరిగింది. రెండు, మూడు, నాలుగు... అన్నిటిలోనూ తిరిగింది. ఐదోదాని మీద చాలాసేపు ఆగాడు. దాంట్లో ఎర్రవల్లి దారి తెంపమన్నది ఆయనే, దానికి చుట్టుదారి లేదనుకున్నదీ ఆయనే. సన్నటి పసుపు పోగొకటి గీత కొసను తప్పించుకుని, పళ్లెం అంచు పట్టుకుని పోయి ఎర్రవల్లిని అందుకుంది.

ఆయన తలెత్తి కూతురిని వదిలి తల్లి వైపు తిరిగాడు.

"అమ్మా, రేపు గీస్తే? ఎల్లుండి గీస్తే? ఇట్లనే వస్తదా?"

"ముప్పై ఐదేండ్లు పొద్దుమాపు రాసిన సారూ," అంది కొండవ్వ. "నేను సున్నం పూసిన ముంతల కల్లు ఒక్కనాడన్న పులిసిందేమో, పొయ్యి నంగునూర్ల ఎవలనన్న అడుగు."

రాంచందర్ సార్ పళ్లెం మూత మెల్లగా పెట్టి, సంతకానికి పెన్ను కోసం జేబు తడుముకున్నాడు. తాళంచెవి చేతికొచ్చింది గానీ పెన్ను దొరకలేదు. రత్నాకర్ సార్ తన పెన్ను మూత తీసి మరీ అందించాడు.