జులేఖా గురువారం

అల్జీరియా కొండల మీది మా సెతీఫ్ చలి ఎముకలు కొరికేస్తున్నా సరే, గురువారం పొద్దున మా మూడో అంతస్తులో జులేఖా ఇంటి కిటికీలన్నీ బార్లా తెరుచుకునేవి. తివాచీలు బాల్కనీ గోడ మీదికి ఎక్కేవి. గోడవార పరుపులు నిలువుగా లేచేవి. దిండ్ల గలేబులు ఊడిపోయేవి. బకెట్ల కొద్దీ బ్లీచింగ్ నీళ్ళు నేల మీద కుమ్మరించి, వైపర్‌తో గుమ్మం దాకా తోసుకొచ్చేది. ఎదురింట్లో ఉన్న నాకు ఆ చప్పుడు వినబడగానే నా ఇల్లు మురికిగా కనిపించడం మొదలయ్యేది.

ఆమె కూర్చోదని కాదు, కూర్చునేది. కాకపోతే చేతుల్లో అల్లిక సూదులు ఉండేవి. ఒక స్వెట్టరు వీపు దాకా వచ్చాక పక్కన పడేసి మేజోడు మొదలుపెట్టేది. మేజోడు మడమ తిరక్కముందే మఫ్లరు మీద మనసు పోయేది. వంటింటి సొరుగులో ఒకటి, టీవీ వెనక ఒకటి, ఫ్రిజ్ మీద ఒకటి, సగం సగం అల్లికలు ఇల్లంతా ఉండేవి.

"ఇదెవరికక్కా?" అని అడిగితే, "ఏమో వర్దియా, చేతులు ఊరుకోవట్లేదు" అనేది.

భర్త లఖ్దర్ బస్సు డ్రైవరు. సెతీఫ్ నుంచి బెజాయా రేవుకి ఘాట్ రోడ్డు మీద వెళ్ళి రావడం ఆయన పని. చీకటితో లేచి వెళ్ళి చీకటి పడ్డాక వచ్చేవాడు. శుక్రవారం ఒక్కటే సెలవు. ఇల్లంటే మసీదుకు వెళ్ళొచ్చి, కుస్‌కుస్ తిని, కడిగిన ఇంట్లో కాళ్ళు చాపుకోవడమే ఆయనకు తెలుసు. ఆ ఇల్లు కడిగే గురువారాన్ని ఆయన ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కళ్ళారా చూడలేదు.

రిటైరయ్యాక చూశాడు. డాక్టరు సిగరెట్లు మానమన్నాడు. కాఫీ హోటలు నిండా పొగే కాబట్టి అక్కడికీ వెళ్ళలేకపోయాడు. ఇక మిగిలింది ఇల్లే. మా రెండిళ్ళ తలుపులూ తెరిచే ఉండేవి, మాటలన్నీ నాకు వినిపించేవి.

"కాళ్ళెత్తు."

ఎత్తేవాడు.

"ఆ కుర్చీలోంచి లే."

లేచేవాడు.

"అక్కడ కాదయ్యా, అది ఇప్పుడే తుడిచాను!"

"మరి నన్నెక్కడ ఉండమంటావే? గోడకి మేకు కొట్టి తగిలించు."

"నీ బరువుకి మేకు ఆగొద్దూ!"

అంతలోనే మళ్ళీ మొదలుపెట్టేవాడు. "ఆ మూల వదిలేశావు. ఎడమకి తోయ్. ఇంకొంచెం ఎడమకి."

"ఇది నీ బస్సు కాదు, నా ఇల్లు."

ఒకరోజు నాతో గుమ్మంలో నిలబడి చెప్పుకుంది. "ఇన్నేళ్ళూ ఆయన ఎప్పుడొస్తాడా అని కిటికీలోంచి చూసేదాన్ని వర్దియా. ఇప్పుడు ఎప్పుడు బయటికి పోతాడా అని తలుపుకేసి చూస్తున్నా."

స్టీరింగు లేని చేతులు, సిగరెట్టు లేని వేళ్ళు. పాపం ఆయన కుర్చీ చేతి మీద దరువేస్తూనే ఉండేవాడు. ఆ టకటక భరించలేక జులేఖా ఒక సాయంత్రం ఊలు చుట్టను ఆయన రెండు చేతులకూ తగిలించి, "కదలకుండా పట్టుకో" అంది. ఆమె ఉండ చుడుతుంటే ఆయన పట్టుకున్నాడు. మర్నాడు, "ఆ సూది ఇలా తే" అన్నాడు. ఆమె నవ్వుతూనే నేర్పింది. వారం తిరిగేసరికి లఖ్దర్ అల్లుతున్నాడు. ఘాట్ రోడ్డు మీద మలుపు తిప్పేంత శ్రద్ధగా, నాలుక పళ్ళ మధ్య పెట్టుకుని.

మొదట్లో దాచుకున్నాడు. ఆయన బస్సులో కండక్టరుగా చేసిన బూజెమా చెప్పాపెట్టకుండా వచ్చేసరికి అల్లిక కిందికి తోసి దాని మీదే కూర్చున్నాడు. కూర్చున్న మరుక్షణం కెవ్వుమంటూ లేచాడు.

"ఏంరా, సీట్లో స్ప్రింగు లేచిందా?" అన్నాడు బూజెమా. తర్వాత వంగి చూశాడు. ఇక చెప్పేదేముంది, మర్నాటికి కాఫీ హోటలంతా పాకిపోయింది. "లఖ్దర్ వదినా, నీకెన్నో నెల? బిడ్డకు బూట్లు అల్లుతున్నావట!" అన్నారు వీధిలో ఎదురైనవాళ్ళు. ఆయన బెదరలేదు. "నీ బట్టతల చలికి వణుకుతోందిరా బూజెమా, కొలత ఇచ్చిపో" అన్నాడు. నిజంగానే టోపీ అల్లి ఇచ్చాడు. అది బూజెమా చెవుల మీదికి జారిపోయేది, అయినా పెట్టుకుని తిరిగాడు.

అందరం నవ్వుకున్నాం. జులేఖా కూడా నవ్వింది. కానీ రోజులు గడిచే కొద్దీ ఆమెలో ఏదో కుదురు తప్పడం నేను గమనించాను. సాయంత్రం కాఫీ తర్వాత దీపం కింద కూర్చునే ఆ కాసేపు ఒకప్పుడు ఆమె సొంతం. ఇప్పుడు ఆయన పక్కనే చేరేవాడు. "నీ వరుస వంకర పోతోంది చూడు" అనేవాడు. ఆమె సూదులు తీసుకుని వంటింట్లోకి వెళ్ళేది. ఆయన ఊలు తీసుకుని వంటింట్లోకి వచ్చేవాడు. గురువారం పని బుధవారమే మొదలవసాగింది. తోమిన గిన్నె మళ్ళీ తోమేది. తలుపు మూసి, సరిగ్గా పడిందో లేదో అని మళ్ళీ తెరిచి మూసేది.

వాళ్ళింటి నడవ చివర ఒక చెక్క బీరువా ఉండేది. ఊలంతా అందులోనే. అట్టడుగున పాత దుప్పటి ముక్కలో చుట్టిన సగం శాలువా ఒకటి ఉండేది. బూడిదరంగు ఊలుతోనే తేల్చిన పువ్వులు, ఇంకా సూదుల మీదే ఉంది. అది వాళ్ళమ్మ కోసం మొదలుపెట్టింది. నమూనా కూడా ఆ తల్లిదే, కూతురికి చేత్తో చూపించి నేర్పింది. సగంలో ఉండగా ఆ తల్లి పోయింది. అప్పటినుంచి ప్రతి గురువారం జులేఖా దాన్ని బయటికి తీసి, కిటికీ దగ్గర ఒకసారి దులిపి, కొత్త కలరా ఉండ వేసి మళ్ళీ చుట్టి పెట్టేది. పూర్తి చేసేది కాదు, విప్పేదీ కాదు. ఎందుకలా అని ఒకసారి అడిగాను. "ఉండనీ" అంది, అంతే.

ఒక బుధవారం మేమిద్దరం హమామ్‌కి వెళ్ళాం. ఒళ్ళు రుద్దుకుని, నారింజలు తిని, సాయంత్రానికి తిరిగొచ్చాం. లఖ్దర్ గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు, ముఖం వెలిగిపోతోంది, ఏదో దాచిపెట్టిన పిల్లాడిలా.

మర్నాడు బరువైన పరదా దింపడానికి జులేఖా నన్ను పిలిచింది. పరదా దింపాక నడవలోకి వెళ్ళి బీరువా తెరిచింది. లోపల దుకాణంలా ఉంది. ఊలంతా రంగుల వారీగా ఉండలు చుట్టి పేర్చి ఉంది. సూదులు సన్నం నుంచి లావుకి వరసగా కాఫీ డబ్బాలో నిలబెట్టి ఉన్నాయి.

"ఎలా ఉంది?" అన్నాడు లఖ్దర్ వెనకనుంచి. "నిన్నంతా ఇదే పని. మీరు స్నానానికి పోతే నేను చెమటతో స్నానం చేశా."

జులేఖా వంగి అట్టడుగున చెయ్యి పెట్టింది. దుప్పటి ముక్క ఉంది, మడతపెట్టి. ఖాళీగా.

"ఇందులోది ఏది?"

"ఏది, ఆ బూడిదరంగు పీలికా? ఎన్నాళ్ళనుంచి పడుందో, విప్పేశా. చూడు ఎంత పెద్ద ఉండ అయిందో! మంచి ఊలు, ఒక్క చోట తెగలేదు. కుర్చీకి గలేబు అల్లుతా."

ఆమె ఆ ఉండ వైపు చూడలేదు. ఆయన వైపూ చూడలేదు. చేతిలోని వైపర్‌ని గోడకి జాగ్రత్తగా ఆనించింది. లోపలికి వెళ్ళి కోటు తొడుక్కుంది, తలకు గుడ్డ కట్టుకుంది, తడి నేల మీదినుంచి నడిచి మెట్లు దిగిపోయింది. నేల నిండా నీళ్ళు, పరుపులు నిలబడి ఉన్నాయి, కిటికీలు తెరిచి ఉన్నాయి. ఆమె ఇంటిని అలా వదిలి వెళ్ళడం నేనెన్నడూ చూడలేదు.

"ఏమైంది దీనికి?" అన్నాడు లఖ్దర్, తడిసిన మేజోళ్ళతో నిలబడి. "చెల్లెమ్మా, నేనేం తప్పు చేశాను?"

చెప్పాను. ఆయన అక్కడే, నిలబెట్టిన పరుపు పక్కన, తడి నేల మీద కూలబడ్డాడు.

"నాకెవరు చెప్పారు?" అన్నాడు. "ఒక్క మాట చెప్పుంటే..."

"ఇన్నేళ్ళూ గురువారాలు నువ్వింట్లో ఉంటేగా అన్నా. ఉన్నప్పుడూ నీ చూపంతా ఆ వైపర్ మీదే."

ఆ రోజు మిగతా ఇల్లు ఆయనే కడిగాడు. నేను చేస్తానన్నా వినలేదు. నీళ్ళు ఎక్కువ పోశాడు. గుమ్మం దాటి మెట్ల మీదుగా కిందింటివాళ్ళ తలుపు దాకా పారాయి. "పైన ఓడ మునిగిందా ఏం?" అని కిందనుంచి అరుపులు. శుక్రవారం ఆ ఇంట్లో కుస్‌కుస్ ఉడకలేదు. నేను పంపిన పళ్ళెం మూత తీయకుండానే తిరిగొచ్చింది.

జులేఖా పక్క ఊరు అల్ ఉల్మాలో అక్క మెసావుదా ఇంటికి వెళ్ళింది. లఖ్దర్ ఫోన్ చేస్తే ఆమె ఎత్తలేదు. మెసావుదా ఎత్తింది, ఆ గొంతు ఫోను పక్కన నిలబడ్డ నాకూ వినిపించింది.

"నీ పెళ్ళాన్ని తీసుకుపో నాయనా! వచ్చిన గంటకే నా పరదాలన్నీ నానబెట్టింది. నిన్న పరుపులు విప్పింది, అందులోని ఉన్ని ఉతికి డాబా మీద ఆరేసింది. నాకు పడుకోవడానికి చోటు లేదు. నా మసాలా డబ్బాలు ఎక్కడున్నాయో నాకే తెలీదు!"

"వస్తానందా?"

"రానంటోంది. ఇప్పుడు నా మేకుల డబ్బా సర్దుతోంది."

లఖ్దర్ ఆ ఉండ పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. "చెల్లెమ్మా, ఆ పువ్వు ఎలా వేస్తారో చెప్పు. మళ్ళీ అల్లేస్తా." నాకు రాదన్నాను. అది వాళ్ళమ్మ నమూనా, ఇంకెవరికీ రాదు. అయినా ప్రయత్నించాడు. పువ్వు ఉండాల్సిన చోట చిల్లులు పడ్డాయి. విప్పాడు, మళ్ళీ అల్లాడు, మళ్ళీ చిల్లులే. ఆఖరికి ఆ ఉండను సంచీలో వేసుకుని అల్ ఉల్మా బస్సెక్కాడు. తోడుగా నన్ను రమ్మన్నాడు. ఒంటరిగా ఆమె ముందు నిలబడే ధైర్యం లేదనుకుంటా. దారంతా ముందు సీటు కడ్డీ పట్టుకుని కూర్చున్నాడు, డ్రైవరు బ్రేకు వేసినప్పుడల్లా ఆయన కాలు కూడా నేలను తొక్కింది.

జులేఖా డాబా మీద ఉంది, ఆరిన ఉన్నిని వేళ్ళతో విడదీస్తోంది. ఆయన సంచీలోంచి ఉండ తీసి ఆమె పక్కన పెట్టాడు.

"నాకు రాలేదు" అన్నాడు. "చాలాసార్లు చూశా. రాలేదు."

ఆమె ఉన్ని విడదీస్తూనే ఉంది. తల ఎత్తకుండానే అడిగింది.

"విప్పేటప్పుడు అందులో తల వెంట్రుక ఏదైనా కనబడిందా?"

లఖ్దర్ నావైపు చూశాడు. అబద్ధం చెప్పొచ్చు. 'లేదు' అంటే అక్కడితో అయిపోయేది.

"కనబడింది" అన్నాడు. "తెల్లది, పొడుగ్గా. రెండు వరసల మధ్య ఇరుక్కుని ఉంది. లాగి పారేశాను."

"కొలత చూద్దామని అమ్మ భుజాల మీద వేశాను" అంది జులేఖా. "అప్పుడు ఇరుక్కుంది. తీసేయబోతే, ఉండనీవే, గట్టిగా ఉంటుంది అంది." ఇల్లు వదిలి వచ్చిననాటినుంచి ఏడవలేదని మెసావుదా తర్వాత చెప్పింది. అప్పుడు ఏడ్చింది, ఉన్ని కుప్పలో ముఖం దాచుకుని. లఖ్దర్ ఆమెను ముట్టుకోలేదు. పక్కన కూర్చుని తానూ ఉన్ని విడదీయడం మొదలుపెట్టాడు.

కాఫీ పళ్ళెంతో పైకొచ్చిన మెసావుదా మెట్ల దగ్గరే ఆగిపోయింది. "అమ్మది నాక్కూడా ఏమీ మిగల్లేదే" అంది చిన్నగా. జులేఖా తలెత్తి అక్కను చూసింది. మెసావుదా చలికి పాత కోటు మీద ఇంకో పాత కోటు తొడుక్కుని ఉంది.

ఆ రోజు జులేఖా మాతో రాలేదు. "పరుపులు కుట్టకుండా ఎలా వస్తాను?" అంది, పొడిగానే అయినా ఆయనతోనే. తర్వాతి బుధవారం సాయంత్రం మెట్ల మీద ఆమె అడుగుల చప్పుడు విన్నాను. గుమ్మంలోకి రాగానే ముక్కు ఎగబీల్చి, "ఎవరు కడిగారు ఈ నేల? బంక బంకగా ఉంది" అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

ఆ చలికాలమంతా ఆమె ఆ ఊలుతోనే కూర్చుంది. అమ్మ నమూనా కొంత దూరం వచ్చింది, తర్వాత చేతులకు గుర్తు రాలేదు. కోపంతో సూదులు విసిరికొట్టింది, రెండు రోజులు ఇల్లంతా తోమింది, మళ్ళీ కూర్చుంది. గుర్తున్నంత వరకు పువ్వులు వేసి, మిగతాది సాదాగా అల్లేసింది. లఖ్దర్ పక్క గదిలో కూర్చునేవాడు. పిలిస్తే వచ్చేవాడు, లేకపోతే లేదు. ఒకసారి తలుపు సందులోంచి, "సాయం కావాలా?" అని అడిగాడు. "నీ సాయం చూశాంలే" అంది. కానీ ఊలు చుట్ట పట్టుకోవడానికి పిలిచింది.

శాలువా పూర్తయింది. నాకు తెలిసినంతలో ఆమె చివరిదాకా అల్లినది అదొక్కటే. అల్ ఉల్మా వెళ్ళి మెసావుదా భుజాల మీద కప్పి వచ్చింది. "ఏమంది?" అని అడిగితే, "కుట్లు వదులుగా ఉన్నాయంది. అచ్చం అమ్మే" అని విసుక్కుంది.

ఆ పని అయ్యాక కుదుటపడుతుందనుకున్నాను. ఎక్కడ! మర్నాడే అటక మీది సామానంతా దింపింది, నా ఇంట్లోంచి నిచ్చెన తీసుకుపోయి. ఇప్పుడు గురువారాలు తివాచీలు దులిపే పని లఖ్దర్‌ది. డాబా మీదికి మోసుకెళ్ళి కర్రతో బాదుతాడు. దుమ్మంతా కిందింటివాళ్ళు ఆరేసిన బట్టల మీద పడుతుంది. వాళ్ళు అరుస్తారు, ఆయన పైనుంచి జవాబిస్తాడు, జులేఖా కిటికీలోంచి తల బయటపెట్టి అందరినీ తిడుతుంది. నేను నా తలుపు మూసుకుని, ఇక తప్పదన్నట్టు, నా బకెట్ నింపుకుంటాను.