మిఠాయిని తొక్కేసిన ఎలుక

మాంట్రియల్‌లో ఒక యూనివర్సిటీ నేలమాళిగలో ఎలుకల్ని సాకే పని ఓడిలీ గాద్బువా అనే ఆవిడది. పంతొమ్మిదేళ్లు పనిచేసిన బిస్కెట్ల ఫ్యాక్టరీ మూతబడ్డాక, యాభై రెండో ఏట అక్కడ చేరింది. మొదటి వారం ఎలుకల్ని చూసి కెవ్వుమంది. రెండో వారానికి అన్నిటికీ పేర్లు పెట్టేసింది.

1956 మార్చిలో డాక్టర్ రివార్ అనే కుర్ర పరిశోధకుడు పుపూన్ అనే తెల్ల ఎలుక మెదడులో సన్నని తీగ అమర్చాడు. దాన్ని ఉంచే పెట్టెలో ఒక మీట; అది నొక్కితే ఆ తీగలోకి రవ్వంత కరెంటు, అర సెకను పాటు. గాయం మానాక ఆ పెట్టెలో వదిలితే పుపూన్ పొరపాటున ఓసారి నొక్కింది. ఆగింది. మీసాలు ఆడించింది. మళ్లీ నొక్కింది. ఇక టకటకటక, ఊపిరి తీసుకోలేదు.

"మదాం! గంటకి పద్దెనిమిది వందల సార్లు!" రివార్ ఓడిలీ చేతులు పట్టుకుని పంజరాల మధ్య గిర్రున తిప్పేశాడు. ఆమెకు నవ్వాగలేదు.

"అంత రుచేముంది బాబూ అందులో?"

"ఏమో! తిండి కాదు, నీళ్లు కాదు. అయినా దానికి అదే కావాలి!"

ఓడిలీకి రోషం వచ్చింది. మర్నాడు మేపుల్ చెట్టు పంచదార, మీగడ కలిపి వండిన మిఠాయి తెచ్చి మీట పక్కనే పెట్టింది. పుపూన్ దానిమీద కాలేసి మరీ మీట నొక్కింది.

"ఓసి పొగరుబోతా! మా చర్చి ఫాదరే దీనికోసం ఉపవాసం ఎగ్గొట్టాడే!"

అప్పుడు చూసింది, నిన్నటి మేత గిన్నె నిండుగానే ఉంది. రివార్ రొట్టె కూడా పొట్లంలోనే ఎండిపోయింది.

"రెండో రోజు. అదీ తినలేదు, మీరూ తినలేదు."

"ఇంకొక్క గంట మదాం!"

"అదీ అదే అంటోంది," అంటూ ఓడిలీ ప్లగ్గు పీకేసింది.

"అయ్యో, ఏం చేశారు!" అని రివార్ ఎగిరి లేచాడు. పుపూన్ మీటను ఇంకో పదిసార్లు నొక్కి, ఆవులించి, ముడుచుకుని పడుకుంది. రివార్ కళ్లు మెరిశాయి. "కరెంటు ఆపితే మానేసింది! ఇదీ రాసుకోవాలి!"

"తిన్నాక రాయండి."

నోట్లో రొట్టెతోనే రాశాడు. ఆ రోజు నుంచి ప్లగ్గు పెత్తనం ఓడిలీదే. పుపూన్ బొద్దుగా తయారైంది. వేసవిలో పరాయి ఊళ్ల ప్రొఫెసర్లు చూడటానికి వచ్చారు. వాళ్లలో ఒకాయన, "దానికి ఆనందంగా ఉంటుందంటారా మదాం?" అని అడిగాడు.

"అడిగానండీ. తీరిక లేదంది."

పొట్ట పట్టుకుని నవ్విన వాళ్లలో అందరికంటే పెద్దగా నవ్వింది ఓడిలీయే.