కొండమీది ఆంటీ పొయ్యి

నా చిన్నప్పుడు నార్త్ కరోలినా కొండల్లో మా నాన్నకు ఒక కిరాణా షాపు ఉండేది. ఆ చుట్టుపక్కల వంటగ్యాస్ సిలిండర్లు మా దగ్గరే దొరికేవి. ఆ కౌంటర్ వెనకే పెరిగానేమో, పదేళ్లకే అన్నం తినడానికి కూడా అమ్మతో బేరమాడేదాన్ని. నన్ను మించిన గడుసుది లేదనుకునేదాన్ని.

షాపుకి పైన, కొండమీద, నాలుగు ఆవులతో ఒక తెలుగు ఆంటీ ఉండేది. పెరట్లో గొయ్యి కట్టించి, పేడా నీళ్లూ కలిపి పోసి, అందులోంచి వచ్చే గ్యాస్‌తో వంట చేసేది. ఆ నీలిమంట మీద నాకు పెసరట్లు వేసిపెట్టేది. చలికాలం దాటేదాకా మంట నిలిస్తే తామూ కట్టించుకుందామని పక్కనున్న మూడిళ్లవాళ్లు కనిపెట్టుకుని ఉన్నారు.

"ఆవుల షెడ్డు మాత్రం ఉత్త నీళ్లతోనే కడగాలి బంగారం. ఆ నీళ్లన్నీ గోతిలోకే పోతాయి. బ్లీచ్ గట్రా గోతిలోకి పోయిందంటే లోపలి సూక్ష్మజీవులు చచ్చిపోతాయి. ఇంక గ్యాస్ రాదు," అని ఆంటీ నాకు చెప్పింది. నాకెంత తెలుసో చూపించుకోవద్దూ? భోజనాల దగ్గర నాన్నకు పూసగుచ్చినట్టు చెప్పాను. ఆయన ఎన్నడూ లేనంత శ్రద్ధగా విన్నాడు.

ఆ ఆదివారం ఆంటీ చర్చికి బయల్దేరుతుంటే నాన్న నన్ను వెంటబెట్టుకుని వెళ్లాడు. "మీరు వెళ్లి రండమ్మా, షెడ్డు మేం కడిగిపెడతాం," అన్నాడు. ఆమె మురిసిపోయింది. నేను పైపు పట్టాను, నాన్న చీపురు పట్టాడు. పని సగంలో ఉండగా ఆవులకి గడ్డి వేసి రమ్మని నన్ను పంపేశాడు.

తిరిగొస్తుంటే ట్రక్కులో రెండు ఖాళీ బ్లీచ్ డబ్బాలు నా కాళ్లకు తగిలాయి. నాన్న వైపు చూశాను. ఆయన రోడ్డు వైపు చూస్తున్నాడు. షాపుకి రాగానే పెద్ద చాక్లెట్ తీసి, "తినవే, ఊరికేలే," అన్నాడు. మా నాన్న ఊరికే ఇచ్చిన మొదటి వస్తువు అది. తిన్నాను.

వారం తిరక్కుండా ఆంటీ పొయ్యి ఆరిపోయింది. "చలికి తట్టుకోలేదు. మీ నాన్న అంత సాయం చేసినా నాకు అచ్చిరాలేదు," అంటూ తనే సిలిండర్ కోసం మా షాపుకి వచ్చింది. ఆ మూడిళ్లవాళ్లు గొయ్యి మాటే మళ్లీ ఎత్తలేదు. నేను నమ్మి చెప్పిన మాటతోనే నాన్న ఆమె మంట ఆర్పాడు. అది తెలిసీ నేను నోరు విప్పలేదు, ఆరోజే కాదు, ఆమె ఉన్నన్నాళ్లూ.

ఇప్పుడు కొండలు దిగి, మోరిస్‌విల్ ఊళ్లో నాకూ ఒక షాపుంది. బేరానికి నన్ను మించినవాళ్లు లేరని కస్టమర్లు విసుక్కుంటారు. వాళ్లకేం తెలుసు, ఆంటీ పొయ్యిని బేరమన్నదే ఆడకుండా ఒక చాక్లెట్‌కి ఇచ్చేసినదాన్ని. ఎవరైనా ఏదైనా ఊరికే ఇస్తానంటే ఇప్పటికీ చెయ్యి చాపను. నా దగ్గర ఏం కొంటున్నారో ముందు చెప్పమంటాను.