గరి వేయించిన చేతులు

కూతురికి కాన్పయితే తల్లి వెళ్లి బాలింత పొట్టకు వేడినీళ్ల కాపడం పెట్టాలి. పెళ్లయిన నాటి నుంచీ కర్రపెండలం తురుమును పెద్ద మూకుడులో వేయించి, గరి చేసి అమ్ముకునే అకుబాత, పొయ్యి ఆర్పేసి మరీ అబా పట్నంలో కూతురింటికి వచ్చింది అందుకే. ఆమె చెల్లెలు కాన్పయ్యాక కాపడం పెట్టే దిక్కులేకే చనిపోయిందని ఊరంతా అన్నారు. ఆ భయం ఆమెను ఈనాటికీ వదల్లేదు.

కూతురు ఊరెన్నాకు ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. ఇంటికి పంపేటప్పుడు నర్సు ఒబియోమా గట్టిగానే చెప్పింది.

"అమ్మా, కోత దగ్గర వేడిగుడ్డ పెట్టకండి. అక్కడ చర్మం మొద్దుబారి ఉంటుంది, కాలినా తెలీదు. నడుముకైతే గోరువెచ్చగా పెట్టండి, అదీ మణికట్టుకి ఆనించి చూసుకున్నాకే."

అకుబాత తలూపింది. తలూపడానికేం, ఎవరైనా ఊపుతారు.

మర్నాడే నీళ్లు కాచింది.

"నర్సు వద్దంది కదమ్మా!"

"దానికి పెళ్లయిందా, పిల్లలా? మాట్లాడకుండా పడుకో."

గుడ్డ ముంచి, పిండి, కూతురి పొట్ట మీద పరిచింది.

"వేడి తగుల్తోందా?"

"ఏమీ తెలీట్లేదమ్మా."

"చూశావా, చల్లారిపోయాయి."

మరిగే నీళ్లు ఇంకో చెంబు కలిపి చెయ్యి ముంచింది. తనకూ వేడి అనిపించలేదు. మళ్లీ గుడ్డ పరిచింది.

తీసేసరికి కోత పైన చర్మం కందిపోయి, బొబ్బ లేచి ఉంది. ఊరెన్నా మాత్రం అబ్బా అని కూడా అనలేదు. అకుబాత గుడ్డ అవతల పారేసింది.

"దేవుడా, నా బిడ్డని నేనే కాల్చుకున్నానే!"

ఫోన్ చేయగానే ఒబియోమా పరుగున వచ్చింది. చల్లటి తడిగుడ్డలు వేసి, కోత చుట్టూ తడిమి చూసింది.

"కుట్లకి తగల్లేదు, బతికిపోయాం. బొబ్బ చిదపకండి, రేపు ఆస్పత్రికి తీసుకురండి. ఏదమ్మా, మీ చేతులు చూపించండి." కాయలు కాసిన అరచేతులు నొక్కి చూసింది. "గరి వేయిస్తారు కదూ? వీటికి వేడేం తెలుస్తుందమ్మా!"

ఆ చేతులంటే అకుబాతకు ఎంత గర్వమో. పొగలు కక్కే గరిని ఒట్టి చేత్తో ఎత్తిపోసేది. ఆ చేతులే ఊరెన్నాను చదివించాయి.

సాయంత్రం మనవడికి నీళ్లు పొయ్యాలి. బట్టలు విప్పిన పసివాణ్ని ఓ చేత్తో ఎత్తుకుని, రెండో చెయ్యి తొట్టిలో ముంచింది. నీళ్లు సరిగ్గానే ఉన్నాయనిపించింది. పొద్దున కూడా అలాగే అనిపించింది కదా. పిల్లాడు గుక్కపట్టి ఏడుస్తున్నా ఆమె కదల్లేదు.

"ఊరెన్నా, ఓసారి నీ చెయ్యి పెట్టి చూడవే."

ఊరెన్నా మెల్లగా లేచి వచ్చి, మణికట్టు నీళ్లకు ఆనించి చటుక్కున వెనక్కి తీసుకుంది.

"ఇంకా చన్నీళ్లు పొయ్యమ్మా."

అకుబాత మనవణ్ని గుండెకు హత్తుకుని చన్నీళ్ల కుండ వైపు నడిచింది.